తగినంత అంటే ఎంత?

పెళ్లయిన ఇరవై ఏడేళ్లకు వంటింటి గడప దాటాల్సి వచ్చిన ఓ బ్యాంకు ఉద్యోగి కథ ఇది. అన్నం, పప్పు, పోపు నేర్పిన పాఠాలు ఇందులో ఉన్నాయి. రాత్రికి తన తిండి తానే వండుకుందామనుకునే కొత్త చేతులన్నిటికీ పనికొస్తాయి.

"ఆవాలెక్కడున్నాయి?"

వంటింట్లో నిలబడి నేనడిగిన మొదటి ప్రశ్న. పడగ్గదిలోంచి జవాబు వచ్చింది: "పోపుల పెట్టెలో."

పోపుల పెట్టె ఎక్కడుందని అడగడానికి మొహం చెల్లలేదు. ఈ ఇల్లు కొన్నది నేను. వంటింట్లో అరలు ఎన్ని ఉండాలో వడ్రంగితో బేరమాడింది నేను. ఏ అరలో ఏముందో మాత్రం నాకు తెలీదు.

మా ఆవిడ బాల్కనీలో తడి మీద కాలు జారి చీలమండ విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టు. కాలు నేల మీద మోపకూడదు. పొద్దున్నకి వీధి చివర బండి మీద ఇడ్లీ, మధ్యాహ్నానికి కర్రీ పాయింటు, రాత్రికి ఫోన్లో ఆర్డరు. మొదటి మూడు రోజులూ పండగలాగే గడిచింది. 'వండుకున్నమ్మకు ఒకటే కూర, అడుక్కున్నమ్మకు అరవై కూరలు' అన్న సామెత ఇప్పటి యాప్‌లను చూసే పుట్టిందేమో అనిపించింది. ఐదో రోజుకు ఆ అరవై కూరలకీ ఒకటే రుచి వచ్చేసింది. నూనె తేలుతున్న గిన్నె మూత తీసి చూసి, మా ఆవిడ మెల్లిగా అంది: "కాస్త మెత్తగా అన్నం, ఇంత పప్పు ఉంటే చాలండీ. మాత్రలు వేసుకోవాలిగా."

లుంగీ ఎగ్గట్టి లోపలికి నడిచాను.

"బియ్యంలో నీళ్లెన్ని పొయ్యాలి?"

"తగినన్ని."

"పప్పులో ఉప్పు?"

"తగినంత."

ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి రాస్తే తప్ప కాగితం ముందుకు కదలని చోటది. మొత్తం దగ్గర 'తగినంత' అని రాసి ఉన్న వోచరు నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు. ఆ రాత్రి అన్నం అడుగున మాడింది, మధ్యలో ముద్దయింది, పైన పలుకుగా మిగిలింది. ఒకే గిన్నెలో మూడు రకాలు. మా ఆవిడ ఏమీ అనకుండా ముద్ద భాగం తీసుకుని, పెరుగు కలుపుకుని తిని, మాత్రలు వేసుకుంది. ఏదో ఒకటి అని ఉంటే బావుండేది.

అత్తెసరు మార్కులు

పరీక్షలో బొటాబొటిగా గట్టెక్కినవాణ్ణి 'అత్తెసరు మార్కులతో ప్యాసయ్యాడు' అంటాం. ఆ మాట పుట్టింది వంటింట్లోనే. గంజి వార్చే పని లేకుండా, బియ్యానికి సరిగ్గా సరిపోయేటన్ని నీళ్లే ఎసరు పెట్టి వండితే అది అత్తెసరు. ఎక్కువ కాకుండా, తక్కువ కాకుండా. బడిలో అది చిన్నచూపు మాట. పొయ్యి దగ్గరకొచ్చేసరికి అదే అసలు పనితనమని నాకు ఆ వారంలో తెలిసొచ్చింది.

వార్చి వండితే తప్పు చేసినా తప్పించుకోవచ్చు. నీళ్లు ఎక్కువైతే గంజిగా పోతాయి. దానితోపాటు నీళ్లలో కరిగే బి విటమిన్లు కొంత పోతాయి. ఆ గంజిలో ఉప్పేసుకుని తాగిన పాతకాలం వాళ్లకు ఆ నష్టమూ లేదు. అత్తెసరులో మాత్రం ముందే లెక్క తెలియాలి. ఆ లెక్క చివరికి మా అబ్బాయి చెప్పాడు, డల్లాస్ నుంచి.

మాకు సాయంత్రం ఏడైతే వాడికి పొద్దున్న ఎనిమిదిన్నర. వీడియో కాల్‌లో నా గిన్నె చూసి నవ్వాడు. "నాన్నా, ఏ బియ్యం? కొత్తవా, పాతవా?" ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. కొత్త బియ్యంలో తేమ ఎక్కువ. గ్లాసుకు గ్లాసున్నర నీళ్లు చాలు. పాత బియ్యం బాగా ఆరి ఉంటాయి కాబట్టి గ్లాసుకు రెండు, ఒక్కోసారి ఇంకాస్త. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204 లాంటి సన్నరకమైనా ఈ సూత్రం తప్పదు. బస్తా మారిందంటే మొదటి రోజు నీళ్లు మళ్లీ చూసుకోవాల్సిందే. "ఇక్కడికొచ్చిన మొదటి నెలంతా నాదీ ఇదే గొడవ నాన్నా" అన్నాడు. మనవాళ్ల పిల్లలు అమెరికా వెళ్లేటప్పుడు సూట్‌కేసులో కుక్కరు ఎందుకు సర్దుకుంటారో అర్థమైంది. చదువు అక్కడికెళ్లాక మొదలవుతుంది, ఆకలి దిగిన రోజే మొదలవుతుంది.

కరెంటు రైస్ కుక్కర్ గుట్టూ వాడే విప్పాడు. 1955లో జపాన్‌లో తోషిబా వాళ్లు అమ్మకానికి తెచ్చిన యంత్రం అది. గిన్నెలో నీళ్లున్నంత సేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. బియ్యం ఆ నీళ్లన్నీ పీల్చేసుకున్న మరుక్షణం అడుగు వేడి పైకి లేస్తుంది. ఆ తేడా పసిగట్టి మీట టక్కున పడిపోతుంది. నీళ్లు ఇగిరాయని మా అమ్మ గిన్నె మీద చెయ్యి పెట్టి, చప్పుడు విని కనిపెట్టేది. అదే పనిని ఒక చిన్న మీట చేస్తోంది. అయితే ఎన్ని నీళ్లు పొయ్యాలో దానికీ తెలీదు. అది మన వంతు.

మా అమ్మ కాలంలో కొలతలు లేకపోలేదు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. బియ్యానికి ఇంత పక్కా లెక్క పెట్టుకున్నవాళ్లు ఉప్పు దగ్గరికొచ్చేసరికి 'తగినంత' అని ఎందుకు వదిలేశారు? ఆ జవాబు నాకు మూడో వారానికి గానీ దొరకలేదు.

ఉడకనన్న పప్పు

రెండో పాఠం కందిపప్పు. పని కలిసొస్తుందని పప్పు, టమాటాలు, చింతపండు, ఉప్పు, కారం అన్నీ కుక్కర్లో ఒకేసారి పడేశాను. నాలుగు కూతలు. మూత తీస్తే పులుసులో పప్పు గింజలు విడివిడిగా ఈదుతున్నాయి. మళ్లీ పెట్టాను. ఇంకో నాలుగు. గింజలు మెత్తబడ్డాయే తప్ప కలిసిపోలేదు.

"చింతపండు ముందే వేశారా?" లోపలి నుంచి ప్రశ్న.

పులుపు తగిలితే పప్పు బిర్రబిగుస్తుంది. గింజ గోడల్ని పట్టి ఉంచే పదార్థం పులుపులో త్వరగా కరగదు. అందుకే పప్పు ముందు ఉడకాలి, పులుపు తర్వాత చేరాలి. బోరు నీళ్లు బాగా కఠినంగా ఉన్నా ఇదే తంటా. అరగంట నానబెట్టి, చిటికెడు పసుపు, చుక్క నూనె వేస్తే పొంగూ తక్కువ, ఉడకడమూ తొందర. టమాటా పప్పు చేసేవాళ్లు రెండూ కలిపి ఉడికించుకోవడం ఉంది. వాళ్లు కూతలు పెంచుకుంటారు, చింతపండును మాత్రం ఆపుతారు.

కూతలు లెక్కపెట్టడమే వంటనుకునేవాణ్ణి. కుక్కర్ చేసే పని వేరు. ఆవిరిని బిగించి పట్టి, 100 డిగ్రీల దగ్గర మరిగే నీటిని దాదాపు 120 డిగ్రీల దాకా తీసుకెళ్తుంది. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఎముకల్ని మెత్తబరచడానికి ఇలాంటి పాత్రను తయారుచేశాడు. ఆవిరి బిగిసి పేలిపోకుండా దానికో రక్షణ కవాటమూ పెట్టాడు. మన కుక్కర్‌కీ అలాంటిదే ఉంది. కూత అంటే ఎక్కువైన ఆవిరిని బయటికి పంపడమే. మంట పెద్దదైతే కూతలు గబగబా వస్తాయి, పప్పు మాత్రం ఉడకదు. మొదటి కూత రాగానే మంట తగ్గించి పది నిమిషాలు ఉంచితే, కూతలు రెండే వచ్చినా పప్పు వెన్నలా అయిపోతుంది. కట్టేశాక ఆవిరి దానంతట అదే దిగేదాకా మూత జోలికి వెళ్లకూడదు. నేను గరిటెతో విజిల్ ఎత్తి, పసుపు నీళ్లతో గోడకు సున్నం వేశాను.

చెవితో వండడం

పోపు, తాలింపు, తిరగమోత. పేరు ఏదైనా మన వంటకు సంతకం అదే. నా మొదటి సంతకం నల్లగా పడింది. నూనె పోసి, పెట్టెలో గుంటగుంటకూ చెయ్యి పెట్టి అన్నీ ఒకేసారి వేశాను. జీలకర్ర మాడింది, ఆవాలు మౌనంగా ఉన్నాయి, ఎండుమిర్చి కోరకు ఇల్లంతా దగ్గు.

ఆ రాత్రి నుంచి మా ఆవిడ పడగ్గది తలుపు తీయించి ఉంచింది. నేను స్టవ్ ముందు, తను మంచం మీద. మధ్యలో గోడ.

"నూనె కాగిందా చూడండి. ఒక్క ఆవగింజ వేయండి."

వేశాను. మునిగింది. "ఆగండి" అంది. ఎలా తెలిసిందో! కాసేపటికి ఇంకోటి వేశాను. చిటుక్కుమంది. "ఇప్పుడు శనగపప్పు, మినప్పప్పు. రంగు మారుతుంటే ఆవాలు." చిటపటలు మొదలయ్యాయి, హోరెత్తాయి, నెమ్మదించాయి. "ఆ, జీలకర్ర, ఎండుమిర్చి. కట్టెయ్యండి. ఇప్పుడు కరివేపాకు, ఇంగువ."

నెమ్మదిగా వేగేది ముందు, తొందరగా మాడేది చివర. సూత్రమంతా ఇదే. కొందరి ఇళ్లలో ఆవాలే ముందు. వాళ్ల మంట వేరు, వాళ్ల మూకుడు వేరు. ఆవగింజ లోపల ఉన్న తడి ఆవిరై పొట్టును పగలగొడితే వచ్చేదే ఆ చిటపట. అది ఆగిందంటే గింజలన్నీ పగిలాయని, ఇంకో క్షణం ఆలస్యమైతే చేదెక్కుతాయని. వాసననిచ్చే నూనెలు చాలావరకు కొవ్వులో కరుగుతాయి, నీళ్లలో కరగవు. అందుకే పోపు నూనెలోనో నేతిలోనో వేసి, ఆ నూనెను పప్పు మీద పోస్తాం. కరివేపాకు తడిగా వేస్తే నూనె మొహం మీదకే లేస్తుంది. ఇది చదివి నేర్చుకున్నది కాదు. నా ఎడమ చేతి మీద దీనికి రుజువుంది.

గోడ అవతలి నుంచి తను నూనెను చూడటం లేదు. చప్పుడు వింటోంది, వాసన పట్టుకుంటోంది. వీడియోలు పెట్టుకుని చూశాను నేనూ. తెనాలి దగ్గర గుడివాడ నుంచి 2016లో యూట్యూబ్‌లోకి వచ్చి ప్రపంచానికి పల్లె వంట చూపించిన మస్తానమ్మ చేతులు గమనించాను. ఆవిడ దగ్గర కొలత చెంచాలుండవు. 2018 డిసెంబరులో ఆవిడ కన్నుమూశారు, వీడియోల్లో ఆ గుప్పెడు అలాగే ఉంది. మాలతీ చందూర్ రాసిన వంట పుస్తకం 'వంటలు-పిండివంటలు' కూడా ఉంది, మా అత్తగారి ఇంటి నుంచి వచ్చిన ప్రతి. పసుపు మరకలున్న పేజీలే ఎక్కువ వండిన పేజీలని మరకలే చెబుతాయి. పుస్తకం క్రమం నేర్పుతుంది, వీడియో చెయ్యి తిప్పడం నేర్పుతుంది. వాసన మాత్రం మూకుడు దగ్గర నిలబడితేనే వస్తుంది.

జిగురు, నలుపు, ఉప్పు

కూరగాయలు రైతుబజారు నుంచి నేనే తెచ్చేవాణ్ణి. ధర తప్ప ఏమీ చూసేవాణ్ణి కాదు. బెండకాయ కొస విరిస్తే పుటుక్కున విరగాలని, వంగితే ముదురని అప్పుడే తెలిసింది. కోశాక కడిగాను. మూకుడులో జిగురు తీగలు సాగాయి. బెండకాయను కడిగి, తడి లేకుండా తుడిచి, ఆరాకే కోయాలి. జిగురుకు నీళ్లే బలం. మూత పెట్టకుండా వేయించి, చివర్లో కాస్త పులుపు తగిలిస్తే తగ్గుతుంది. వంకాయది ఇంకో తంతు. కోసిన ముక్క గాలి తగిలితే నల్లబడుతుంది కాబట్టి ఉప్పునీళ్లలో వేసుకోవాలి.

ఇక ఉప్పు. 'అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు' అన్నదట ఉప్పు. నేను దాన్ని రెండుసార్లు వేసి చూశాను. ఒకసారి పప్పు ఉడికాక, ఇంకోసారి వేశానో లేదో అనుమానం వచ్చాక. ఉప్పెక్కువైతే బంగాళదుంప వేస్తే పీల్చేస్తుందని పక్కింటాయన చెప్పాడు. వేశాను. దుంప తనకు చాలినంత ఉప్పునీరు తాగింది, మిగిలిన పప్పు ఎంత ఉప్పగా ఉందో అంతే ఉప్పగా ఉంది. ఉప్పును వెనక్కి తీసే మార్గం లేదు. ఉప్పు లేని పప్పో నీళ్లో కలిపి, గిన్నె పెంచుకుని, పల్చన చేసుకోవడమే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటొద్దంటుంది. అంటే తల కొట్టిన చిన్న చెంచాడు కూడా నిండదు. పచ్చడి, అప్పడం, మజ్జిగ అన్నీ అందులోనే. కారం ఎక్కువైతే మాత్రం దారి ఉంది. మిర్చి ఘాటు నీళ్లలో కరగదు, మంచినీళ్లు తాగితే మంట చల్లారదు. పెరుగన్నం ముద్దే మందు.

ఇక్కడే నాకు 'తగినంత' అర్థమైంది. టమాటా ఒకరోజు పుల్లగా ఉంటుంది, ఇంకోరోజు చప్పగా. రాళ్ల ఉప్పు చెంచా వేరు, మెత్తటి ఉప్పు చెంచా వేరు. పప్పు ఇద్దరికైతే ఒకటి, చుట్టమొచ్చి ముగ్గురైతే ఇంకోటి. అంకె రాసిస్తే అది ఆ ఒక్క రోజుకే నిజం. 'తగినంత' అని రాసినవాళ్లు లెక్క ఎగ్గొట్టలేదు. కాస్త వేసి, కలిపి, రుచి చూసి, మళ్లీ వేయమంటున్నారు. ఆ మాటను నేను మొత్తం అనుకున్నాను. అది పద్ధతి.

నలభీముల దేశంలో

మన దగ్గర గొప్ప వంటను 'నలభీమపాకం' అంటాం. నలుడు ఋతుపర్ణుడి దగ్గర బాహుకుడిగా, భీముడు విరటుడి కొలువులో వలలుడిగా గరిటె తిప్పారు. నలుడి పేరు మీద 'పాకదర్పణం' అనే సంస్కృత గ్రంథమే ఉంది. 1962లో వచ్చిన 'గుండమ్మ కథ'లో ఎన్టీఆర్ నిక్కరేసుకుని రుబ్బురోలు ముందు కూర్చుంటే జనం మురిసిపోయారు. గమనిస్తే ముగ్గురూ మారువేషంలోనే వంటింట్లోకి వెళ్లారు. సొంత పేరుతో, సొంత ఇంట్లో, రోజూ రాత్రి వండే మగవాడు కథల్లోనూ తక్కువే.

లెక్కల్లోనూ అంతే. కేంద్ర గణాంక విభాగం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనుల్లో చెయ్యి పెట్టేవాళ్లు ఆడవాళ్లలో 81.2 శాతం, మగవాళ్లలో 26.1 శాతం. అలా చేసేవాళ్లలోనూ ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. నేనా 26లోనూ లేను, ఆ 97లోనూ లేను.

ఆ సర్వే లెక్కపెట్టలేనిది ఇంకోటుంది. వండటం నలభై నిమిషాల పని. 'రాత్రికేం చేద్దాం' అన్నది పొద్దుటి నుంచీ సాగే పని. పెరుగు తోడుపెట్టామా, కొత్తిమీర వాడిపోతోందా, నిన్నటి పప్పు మిగిలిందా, పప్పు నానబెట్టామా. రెండో వారంలో ఆఫీసులో లెడ్జర్ చూస్తూ దొండకాయల గురించి ఆలోచిస్తున్న నన్ను నేనే పట్టుకున్నాను. మా ఆవిడ ఈ లెక్క ఇరవై ఏడేళ్లు ఏ పుస్తకంలోనూ రాయకుండా నడిపింది.

నాలుగో వారానికి నా రాత్రి ఒక దారిలో పడింది. ఏడింటికి బియ్యం, పప్పు కడిగి నానబెట్టడం. ఏడున్నరకు రెండూ పొయ్యెక్కేవి. కుక్కర్ పని కుక్కర్ చేస్తుంటే కూరగాయలు కోయడం. పావు తక్కువ ఎనిమిదికి కూర మూకుడులో పడేది. వడ్డించే ముందు, అన్నిటికంటే చివర పోపు. కొత్త చేతికి తడబాటు వంట దగ్గర కంటే ఈ వరస దగ్గరే ఎక్కువ. అన్నం చల్లారిపోయాక కూర కోయడం మొదలుపెట్టిన రాత్రులు నాకున్నాయి.

కొత్త చేతికి తొలి వారం

సోమవారం: అన్నం, ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ. నేర్చుకోవాల్సింది నీళ్ల కొలత ఒక్కటే.

మంగళవారం: టమాటా పప్పు. పోపు మొదటిసారి. మంట చిన్నది, చెవి పెద్దది.

బుధవారం: కోడిగుడ్డు పొరటు. ఉల్లిపాయ ఓపిగ్గా వేగితే సగం కూర అయినట్టే.

గురువారం: చారు, అప్పడం. మరిగీ మరగకుండా, పొంగు రాగానే దించేయాలి.

శుక్రవారం: నిమ్మకాయ పులిహోర. అన్నం ఆరాకే కలపాలి, నిమ్మరసం స్టవ్ కట్టేశాకే పిండాలి.

శనివారం: బంగాళదుంప వేపుడు, పెరుగు. ముక్కలన్నీ ఒకే సైజు, ఊరికే కలపకూడదు.

ఆదివారం: వంకాయ కూర. ఒకరిని భోజనానికి పిలవండి. ఎవరో ఒకరు తినాలి కదా.

స్టవ్ వెలిగించే ముందు

గ్యాస్‌కు సహజంగా వాసన లేదు. లీకైతే తెలియాలని మెర్‌క్యాప్టాన్ అనే ఘాటు పదార్థం కలుపుతారు. ఆ వాసన వస్తే లైటు స్విచ్ వేయొద్దు, తీయొద్దు. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోస్తే మంట పైకప్పు అందుకుంటుంది. స్టవ్ కట్టేసి మూత బోర్లించాలి. రబ్బరు గొట్టం ఐదేళ్లకోసారి మార్చాలి. వదులు చేతుల చొక్కా, నైలాన్ బట్ట వంటింటికి పనికిరావు.

మళ్లీ అదే ప్రశ్న

ఆరు వారాలకు కట్టు విప్పారు. ఇంకో పది రోజులకు కర్ర సాయంతో మా ఆవిడ మెల్లిగా వంటింట్లోకి వచ్చింది. నేను హాల్లో పేపరు చదువుతున్నాను. సాయంత్రం ఏడయింది. గిన్నెల చప్పుడు వినిపించింది. ఒక అర తెరిచి మూసిన చప్పుడు. ఇంకో అర.

"ఏమండీ!"

"ఊఁ?"

"ఆవాలెక్కడ పెట్టారు?"

స్టవ్‌కు కుడివైపు, చేతికందే చోటికి ఎప్పుడో మార్చేశాను. పేపరు మడిచి పక్కన పెట్టి లేచాను.

"నువ్వు కూర్చో. పప్పు నానబెట్టే ఉంచా."

కుర్చీ లాగి గుమ్మం పక్కన వేశాను. కూర్చుంది. పోపు నేను వేస్తున్నంత సేపూ ఒక్క మాటా మాట్లాడలేదు. కరివేపాకు చిటచిటలాడి ఆగాక మాత్రం, కళ్లు మూసుకునే, "కట్టెయ్యండి" అంది.

అప్పటికే కట్టేశాను.